కోటుకు పెట్టిన మైకు

పెద్దలు వచ్చే వేళయిందని ఎస్తేరమ్మ కూతురిని వెనకగదిలోకి తోసి బయట గొళ్లెం పెట్టింది. లోపలినుంచి ప్రమీల తలుపు కొట్టలేదు, అరవలేదు. కొట్టి ఉంటే ఎస్తేరమ్మకు కాస్త నయంగా ఉండేది.

"నువ్వు నోరు తెరిస్తే ఉండే కాపురం కూడా పోతాది. మేం మాట్లాడుకుంటాం, నువ్వు గమ్మునుండు," అంది తలుపు దగ్గరికి వంగి.

"నేను నోరు తెరవలేదనే కదమ్మా వాళ్లు వస్తాండేది," అంది ప్రమీల లోపలినుంచి.

పొయ్యి మీద టీ నీళ్లు మరుగుతున్నాయని ఎస్తేరమ్మ వంటింట్లోకి పోయింది. జవాబు లేనప్పుడల్లా ఆమెకు పొయ్యి గుర్తొస్తుంది.

ప్రమీల అత్తింటివాళ్లు, ధర్మవరం వాళ్ల మాట అదే మరి. ఆరు నెలలు కాపురం చేయించుకుని ప్రమీలను హిందూపురం బస్సెక్కించి పంపేశారు. కారణం అడిగితే మొదట వంట రాదన్నారు. తర్వాత పొగరన్నారు. ఆ రెండూ చర్చి సంఘంలో నిలబడవని తెలిశాక వాళ్లకు కొత్త మాట ఒకటి దొరికింది. పెనుకొండ చర్చిలో అయ్యగారు "ఈ పురుషుని నీ భర్తగా అంగీకరిస్తున్నావా" అని అడిగినప్పుడు పిల్ల పలకలేదట. ఇష్టం లేని పిల్లను మెడలు వంచి తమ కొడుక్కి కట్టబెట్టారట. ఒప్పుకోలు లేని పెళ్లి దేవుని ఎదుట పెళ్లే కాదట. సంఘం ఔనంటే చాలు, వాళ్ల కొడుకు తిరుపాల్ మళ్లీ పెళ్లికొడుకు అయిపోతాడు. ప్రమీల ఏమైపోతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ప్రమీల పలికింది. గట్టిగానే పలికింది. కాకపోతే బయట బ్యాండువాళ్లు తొందరపడి సరిగ్గా ఆ క్షణంలోనే వాయింపు మొదలుపెట్టారు. పెదవులు కదిలాయని అయ్యగారు చెప్పగలడు. ఏ మాట వచ్చిందో చెప్పలేడు. అబద్ధమాడే వయసు కాదాయనది. మంచి మనిషి మెతకతనం ఒక్కోసారి చెడ్డవాడి కత్తికన్నా లోతుగా దిగుతుంది.

ఇక మిగిలింది క్యాసెట్టు. తీసినవాడు ప్రమీల అన్న జోసెఫే.

జోసెఫ్‌కు హిందూపురం బజారులో వీడియో స్టూడియో ఉంది. కింద స్టూడియో, పైన ఇల్లు. హిందువుల పెళ్లిళ్లకు అతనికి ఏ చిక్కూ లేదు. మిక్సింగులో పైన పాటలు పరిచేస్తే చాలు, ఎవరూ మాటలు వినిపించలేదని గొడవకు రారు. చర్చి పెళ్లిళ్లకు అట్లా కుదరదు. ప్రమాణాలు వినిపించాలి. కెమెరాకు ఉండే మైకులో ప్రమాణాలకన్నా చంటిపిల్లల ఏడుపే ఎక్కువ వినిపిస్తుంది. అందుకని చెల్లెలి పెళ్లి ముందు బెంగుళూరు పోయి వైర్‌లెస్ మైకులు చూసొచ్చాడు. రెండు రకాలు చూపించారు. ఒకదానికి ఒకటే మైకు. ఇంకోదానికి రెండు మైకులు, ఇద్దరి గొంతులూ ఒకేసారి పట్టుకుంటాయి.

ఆ రోజు ఇంట్లో అందరూ ఉండగా ప్రమీల అడిగింది, రెండు మైకులది తేరాదా అన్నా, ఒకటి నాకు పెట్టొచ్చు కదా అని.

"పెండ్లికూతురు చెప్పేది ఒక్క మాట. దానికొక మైకా?" అన్నాడు జోసెఫ్.

ఇంట్లో అందరూ నవ్వారు. ప్రమీల కూడా నవ్వింది. అప్పుడు అది నవ్వే మాటే.

పైగా పెళ్లికొడుకు కోటుకు క్లిప్పు తగిలించడం ఒక చిటికెలో పని. పెళ్లికూతురి కొంగును వీడియో తీసేవాడు ముట్టుకుంటే ఊరుకుంటారా? తోడబుట్టినవాడైనా పదిమందిలో బాగుండదు. కాబట్టి ఒక మైకుదే తెచ్చాడు, అది ఎప్పుడూ కోటుకే. ఆమె మాట అతని కోటుకు ఎంత వినిపిస్తే అంతే లోకానికి వినిపిస్తుంది. ఈ ఏర్పాటులో తప్పేమైనా ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు ఆ రెండు మైకులదే బల్ల మీద అట్టపెట్టెలో ఉంది. ధర్మవరంలో ఒక పట్టుచీరల షావుకారు కూతురి పెళ్లికి కావాలని జోసెఫ్ నిన్ననే తెచ్చాడు. పరీక్ష కోసం, మైకు మాటను పట్టే రిసీవరును టీవీకి తగిలించి పెట్టాడు. ఒక మైకు పురోహితుడికట, ఒకటి పెళ్లికొడుక్కట.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

ముందు అయ్యగారు వచ్చాడు, వెనక గోవిందప్ప, ఆ వెనక తిరుపాల్. గోవిందప్ప తిరుపాల్ తండ్రి, ధర్మవరం సంఘంలో పెద్ద. ఆ వైపు చర్చి పెళ్లిళ్లకు కెమెరా ఎవరిని పిలవాలన్నది ఆయన నోటి మాటే. అందుకే జోసెఫ్ ఆయనకు ఫ్యాను కింద కుర్చీ వేశాడు. చెల్లెలిని బస్సెక్కించినవాడికి ఫ్యాను కింద కుర్చీ. తిరుపాల్ రైల్వే ఉద్యోగి, ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చునే రకం. కూర్చుని గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

టీ ఇవ్వడానికి మాత్రం ప్రమీల కావాల్సి వచ్చింది. ఎస్తేరమ్మ గొళ్లెం తీసి, ఇచ్చి మళ్లీ లోపలికి పో అని చెవిలో చెప్పింది. ప్రమీల అందరికీ ఇచ్చింది. భర్తకు ఇచ్చేటప్పుడు అతను కప్పును చూశాడు గానీ చేతిని చూడలేదు. ఇచ్చాక ఆమె లోపలికి పోలేదు. గోడకు ఆనుకుని నిలబడింది.

జోసెఫ్ మిక్సింగు క్యాసెట్టు డెక్కులో పెట్టాడు. ప్రమాణాల దగ్గరికి తెచ్చి ఆపాడు.

టీవీలో తిరుపాల్ "అంగీకరిస్తున్నాను" అన్నాడు. పక్కన కూర్చుని చెప్పినట్టే వినిపించింది. తర్వాత అయ్యగారు ప్రమీల వైపు తిరిగాడు. తెల్ల ముసుగు లోపల ప్రమీల పెదవులు కదిలాయి. ఆ కదలిక మీదే పాట లేచింది. బ్యాండు మోత వినలేక జోసెఫ్ మిక్సింగులో అక్కణ్నుంచే పాట వేశాడు.

"ఇంగొకసారి వెయ్యప్పా," అన్నాడు గోవిందప్ప మెత్తగా.

మళ్లీ వేశాడు. మళ్లీ పెదవులు, మళ్లీ పాట. గోవిందప్ప ఇంకోసారి వేయించాడు. విన్నది చాలక కాదు. గోడకు ఆనుకున్న పిల్ల ముఖం చూస్తూ వేయించాడు. చూసి చూసి టీ కప్పు కింద పెట్టాడు.

"ఏం పాపా, ఆ పొద్దు ఏమన్నావు నువ్వు?"

"అంగీకరిస్తున్నానని అన్నా, మామా."

"టీవీలో నువ్వనలేదే."

"అన్నా. పాట కింద ఉండాది నా మాట."

"పాట వేసింది ఎవరు? మేమా? మీ అన్నే కదా." అయ్యగారి వైపు తిరిగి, తన కొడుకు జీవితం ఇట్లా అయిపోయిందని, అయినా ఆడపిల్ల మీద తనకు కోపం లేదని, ఆమెకు ఇష్టం లేనప్పుడు బలవంతం పెట్టడం క్రైస్తవ ధర్మం కాదని చెప్పుకొచ్చాడు. ఎంత దయగా చెప్పాడంటే, ఎస్తేరమ్మ కూడా తల ఊపబోయి ఆగింది.

అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. వినపడని మాటను విన్నానని తాను ఎట్లా చెప్పేదని నెమ్మదిగా అన్నాడు. ఇంకేమీ ఆధారం లేకపోతే సంఘం ధర్మవరం వాళ్ల మాటే తీసుకోవాల్సి వస్తుందన్నాడు.

"ఒరిజినల్ ఉండాది, అయ్యగారూ," అంది ప్రమీల. "మిక్సింగుకు ముందుది. అందులో పాట ఉండదు."

"అది లేదు," అన్నాడు జోసెఫ్ వెంటనే. "అగళిలో ఒక పెండ్లికి దానిమీదే తీసినా. చెరిగిపోయింది."

ప్రమీల అన్నను చూసింది. పుట్టింటికి వచ్చినప్పటి నుంచి పగలంతా స్టూడియోలో కూర్చునేది ఆమే. మైకు ఎట్లా పలుకుతుందని బేరానికి వచ్చిన పార్టీలు అడిగినప్పుడల్లా అన్న ఏ క్యాసెట్టు తీస్తాడో ఆమెకు తెలుసు. తిరుపాల్ మాట వరకు వినిపించి, చూసినారా ఎంత క్లియరో అని ఆపేస్తాడు. తర్వాతి మాట ఎప్పుడూ వినిపించడు. బేరానికి ఆ మాట అవసరం లేదు కదా.

ఆమె ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగింది. తిరిగి వచ్చేసరికి చేతిలో క్యాసెట్టు ఉంది.

దాన్ని చూసి తిరుపాల్ క్యాలెండరు వదిలేశాడు.

"చెరిపేసినానంటివే, బావా," అన్నాడు జోసెఫ్‌తో.

ఆ గదిలో అతను మాట్లాడిన మొదటి మాట అది. తన పెళ్లి క్యాసెట్టు గురించి భర్తా అన్నా కలిసి ఎప్పుడు మాట్లాడుకున్నారో ప్రమీలకు అర్థం కాలేదు. ఎందుకు మాట్లాడుకున్నారో అంతకన్నా అర్థం కాలేదు. అయినా అప్పుడు ఆమెకు కావాల్సింది తన మాట ఒక్కటే. అది దొరికితే చాలు, మిగతావన్నీ సర్దుకుంటాయని నమ్మింది. ఇప్పటికీ ఆ ఇంటికి తిరిగి పోవాలనే ఆమె ఆశ. పిచ్చిది.

జోసెఫ్ లేచి చెల్లెలి మణికట్టు పట్టుకున్నాడు.

"అది వద్దు పాపా. నీ మేలుకే చెప్తాండా."

"నా మాట ఇందులో ఉండాది, అన్నా."

"నేను తిప్పి పెడతా. ఇట్లియ్యి."

"నేను పెట్టుకుంటా."

అయ్యగారు కల్పించుకున్నాడు. "వెయ్యనీ జోసెఫ్. బిడ్డ మాట వినేదానికే కదా వచ్చింది."

జోసెఫ్ చెయ్యి వదిలాడు. చెల్లెలి ముఖం చూడలేక డెక్కు వైరు సరిచేస్తున్నట్టు వంగాడు.

ప్రమాణాలు టేపులో ఎంత దూరాన ఉన్నాయో ప్రమీలకు తెలియదు. అందుకని మొదటికంటా తిప్పింది. అన్న ఎప్పుడూ తిప్పనంత వెనక్కి తిప్పి బటన్ నొక్కింది.

పెనుకొండ చర్చి వాకిలి వచ్చింది. పూల తోరణం, కొత్త చీరలు, పరుగెత్తే పిల్లలు. వాళ్ల నోళ్లు కదులుతున్నాయి గానీ వాళ్ల గొంతులు లేవు. మైకు అప్పటికే తిరుపాల్ కోటుకు ఉంది, తిరుపాల్ చర్చి పక్క గదిలో ఉన్నాడు. కెమెరా చూసేది ఒక చోటు, వినేది ఇంకో చోటు.

టీవీలో కారు ఆగింది. తెల్లచీరలో ప్రమీల దిగింది.

"అదో వచ్చినట్టుండాది," అంది టీవీలో తిరుపాల్ గొంతు. పక్కనెవరో స్నేహితుడు నవ్వాడు.

తెర మీద ప్రమీల కుచ్చిళ్లు సర్దుకుంటోంది.

"నాయన పోరు పడలేక కట్టుకుంటాండా. ఆరు నెలలు. ఆ తర్వాత ఏదో ఒక వంక దొరక్కపోతాదా? బత్తలపల్లి ఆమెకు మాటిచ్చినా, ఆగమని చెప్పినా."

స్నేహితుడు ఏదో అడిగాడు.

"ఈ పిల్లకు నోరు లేదప్పా. ఎట్ల పంపితే అట్ల పోతాది. ఏడ్చినా వాళ్లింట్లో ఏడుస్తాది."

తెర మీద ప్రమీల చేతికి ఎవరో పూలగుత్తి ఇచ్చారు. ఆమె తలొంచి వాసన చూసింది.

ఎస్తేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు నేల చూశాడు. గోవిందప్ప మాత్రం కొడుకును చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యం లేదు, విసుగుంది.

అంతలో టీవీలో, స్టాండు మీది కెమెరా వెనకనుంచి జోసెఫ్ ముందుకొచ్చాడు. చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. వాటిని తీసి మెడలో వేసుకున్నాడు. చెల్లెలి దగ్గర ఆగి, ముసుగు సరిచేసి, ఏదో చెప్పాడు. ఆ మాట టీవీలో లేదు. ప్రమీలకు గుర్తుంది. నవ్వుతా ఉండు పాపా, కెమెరా నడుస్తాండాది, అన్నాడు. చెప్పి ఆమెను దాటుకుని పోయాడు. తెర మీద ప్రమీల ఒక్కతే మిగిలింది. అన్న చెప్పినట్టే నవ్వుతూ నిలబడింది.

టీవీలో తలుపు తెరిచిన చప్పుడు.

"బావా, కోటుకు మైకుండాది. ఆన్లో ఉండాది. అంతా నా చెవుల్లో పడతాండాది. మాటలు చూసుకో." జోసెఫ్ గొంతు.

"వినేది నువ్వే కదప్పా. నువ్వు మనోడివే," అన్నాడు తిరుపాల్, నవ్వి.

జోసెఫ్ కూడా నవ్వాడు. చిన్నగానే నవ్వాడు. బెంగుళూరులో ఏరి ఏరి తెచ్చిన మైకు కాబట్టి అది కూడా స్పష్టంగా వినిపించింది.

ప్రమీల డెక్కు ఆపింది. అంతసేపు టీవీలో చూసిన ఆ తెల్లచీర పిల్ల ఎవరో తనకు తెలియనట్టు అనిపించింది. ఆ పిల్ల మీద జాలేసింది. తర్వాత ఒళ్లు మండింది.

"తమాషాకు అన్న మాటలు అవి," అన్నాడు తిరుపాల్ ఎవరికో చెప్తున్నట్టు. "ఫ్రెండ్స్ మధ్య ఏదో అంటాం."

ప్రమీల అతని వైపు తిరగలేదు.

"నన్ను దాటుకొని పోతివే, అన్నా."

"బయట అంతమంది జనం ఉండారు," అన్నాడు జోసెఫ్. "ఆడికాడ పెండ్లి ఆగిపోతే నిన్ను మళ్లీ ఎవరు చేసుకుంటారు? అది ఆలోచించినా."

"నాకు చెప్పి ఆలోచించొచ్చు కదా."

"చెప్తే నువ్వేం చేసేదానివి?"

"అయ్యగారు అడిగినప్పుడు వేరే మాట చెప్పేదాన్ని."

ఎస్తేరమ్మ ఏడుస్తూ కొడుకు పక్షాన చేరింది. వాడు చెల్లెలి బాగు కోరే చేశాడని, ఏ అన్నా చెల్లెలు చెడిపోవాలని కోరుకోడని, అయిపోయినదాన్ని తవ్వుకుంటే ఏమొస్తుందని అంది. ప్రమీలకు ఆ ఏడుపు కొత్తగా వినిపించింది. తనను బస్సెక్కించి పంపిన రోజున కూడా తల్లి ఇంత ఏడవలేదు.

గోవిందప్ప గొంతు సవరించుకున్నాడు. ఆయన సంఘపెద్ద ఊరికే కాలేదు. అయ్యగారు ఈ సంగతి ఊళ్లో చెప్తే తన కుర్చీ ఏమవుతుందో అప్పటికే లెక్క వేసుకున్నాడు.

"కుర్రవాళ్ల మాటలు పక్కన పెట్టండప్పా. మనం వచ్చింది పిల్ల ఒప్పుకోలు కోసం. జోసెఫ్, ప్రమాణాల దగ్గరికి జరుపు."

జోసెఫ్ జరిపాడు. కొలిచినట్టు ఒకేసారి సరైన చోట ఆపాడు. తిరుపాల్ మాట వచ్చింది. అయ్యగారి ప్రశ్న వచ్చింది. బయట బ్యాండు మోగుతుండగా, తిరుపాల్ కోటు మీదినుంచి ప్రమీల గొంతు వచ్చింది.

"అంగీకరిస్తున్నాను."

చిన్నగానే ఉంది. కానీ ప్రతి అక్షరమూ ఉంది. ఆరు నెలల కాపురం, ఇన్నాళ్ల అవమానం తర్వాత ప్రమీల వెతుక్కున్న మాట ఆ గదిలో అందరికీ వినిపించింది. ఆమె మాత్రం వినకుండా ఉంటే బాగుండుననుకుంది.

"వినపడింది," అన్నాడు గోవిందప్ప. "పిల్ల మాటే నిజం. మాదే తప్పు. పెండ్లి పెండ్లే, కోడలు కోడలే. ఈ పొద్దే పిల్చుకొని పోతాం." ఒక్క క్షణం ఆగి చెయ్యి చాచాడు. "ఆ క్యాసెట్ మాత్రం నాకిచ్చేయండి. ఇంట్లో మాట ఇంట్లోనే ఉండాల."

గది ఒక్కసారి తేలికపడింది. అయ్యగారు దేవునికి స్తోత్రమన్నాడు. జోసెఫ్ డెక్కులోంచి క్యాసెట్టు తీశాడు. ఎస్తేరమ్మ కళ్లు తుడుచుకుంటూనే వెనకగదిలోకి పోయి కూతురి చీరలు మడవడం మొదలుపెట్టింది. ఇందాక గొళ్లెం పెట్టింది కూడా ఆ గదికే. తిరుపాల్ వాచీ చూసుకుని ధర్మవరం బస్సుకు టైమవుతోందన్నాడు.

ప్రమీలను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె మాట దొరికింది కదా, ఇక ఆమెతో పనేముంది.

"ప్రార్థన చేసుకొని లేద్దాం," అన్నాడు అయ్యగారు.

ప్రమీల బల్ల దగ్గరికి పోయి అట్టపెట్టె తెరిచింది. పురోహితుడికని తెచ్చిన మైకు తీసింది. స్టూడియోలో అన్న చేసేది రోజూ చూస్తున్నదే కాబట్టి బ్యాటరీ వేయడం ఆమెకు కొత్త కాదు. క్లిప్పు తానే కొంగుకు తగిలించుకుంది. స్విచ్చి నొక్కింది. చిన్న ఎర్రలైటు వెలిగింది. టీవీలోంచి ఆమె ఊపిరి వినిపించింది.

వెనకగదిలో చీరలు మడిచే చప్పుడు ఆగింది.

"ప్రార్థన తర్వాత చేద్దురు, అయ్యగారూ," అంది ప్రమీల. ఆ మాట టీవీలోంచి పెద్దగా వచ్చి గదంతా నిండింది. కిటికీలోంచి బజారులోకి కూడా పోయింది. "ఆ పొద్దు చర్చిలో నన్నడిగింది మళ్లీ అడగండి. అదే మాట."

అయ్యగారు గోవిందప్పను చూశాడు. గోవిందప్ప చెయ్యి ఇంకా చాచే ఉంది. జోసెఫ్ చేతిలో క్యాసెట్టు ఉంది. అది ఇటా, అటా తెలియక అతను నిలబడిపోయాడు. కింద బజారులో ఎవరో ఆగి తలెత్తి చూశారు.

"అడగండి," అంది ప్రమీల.